చైన్ మెరిసింది గానీ బ్రేకే పడలేదు

నిన్న పొద్దున్నే హైదరాబాద్‌లో నార్సింగి దగ్గర సోలార్ కప్పున్న సైకిల్ ట్రాక్‌కి బయల్దేరా. కట్టినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు, పైన నీడ, లారీల భయం లేదు. కానీ అక్కడిదాకా వెళ్లాలంటే మామూలు రోడ్డే కదా, అదీ రాత్రి వానకి తడిసి ఉంది. పల్లంలో బ్రేక్ నొక్కితే కీచుమని అరిచిందే తప్ప సైకిల్ ఆగలేదు, ముందున్న ఆటోకి జానెడు దూరంలో చెప్పులు ఈడ్చి ఆపా.

ఇంటికొచ్చి చూస్తే బ్రేక్ రబ్బర్ల మీద గాట్లన్నీ అరిగి నున్నగా ఉన్నాయి, ఒకదాంట్లో ఇసుకరాయి ఇరుక్కుని రిమ్ మీద గీతలు పెట్టేసింది. నేనేమో నెలంతా చైన్‌కి నూనె పోసి మురిసిపోయా. అదీ తప్పే. ఒక్కో లింకుకి చుక్క వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే దుమ్ము పట్టి నల్లటి జిగురవుతుంది.

ఇంకోటి, ముందు బ్రేక్ పడితే పల్టీ కొడతామని చిన్నప్పట్నుంచీ వెనక బ్రేకే నొక్కేవాణ్ణి. ఆపేటప్పుడు బరువు ఎక్కువగా ముందు చక్రం మీదకే వస్తుంది కాబట్టి ఎక్కువ పని చేసేది ముందు బ్రేకే. రెండూ కలిపి, మెల్లగా, తడి రోడ్డయితే ఇంకాస్త ముందు నుంచే నొక్కాలి.

కొత్త రబ్బర్లు వేయించా. టైర్ పక్కన రాసున్న పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చూసి గాలి కూడా కొట్టించా, ఇన్నాళ్లూ బొటనవేలే నా మీటర్!