ట్రస్టు సాయం కోసం నేను తిరిగిన ఐదు నెలలు

మా ఆయనకు వెన్నుపూస ఆపరేషన్ అయ్యాక పని ఆగిపోయింది. నా ఒక్క జీతం అద్దెకూ మందులకూ చాలక, ముందు దాచుకున్నది తీశాం, తర్వాత తెలిసినవాళ్ల దగ్గర చేబదుళ్లు, ఆ తర్వాత క్రెడిట్ కార్డు, ఇవన్నీ అయిపోయాక గానీ ఇలాంటివాళ్లకు సాయం చేసే సంస్థలు ఉంటాయేమో చూద్దామన్న ఆలోచన రాలేదు నాకు. అడగడానికి మనసు ఒప్పుకోలేదు, అంతే. ఆ ఆలస్యం వల్లే ఎక్కువ నష్టపోయాం. చాలా ట్రస్టులు పాత అప్పులు తీర్చవు, ఒకసారి కట్టేసిన బిల్లుకు డబ్బు వెనక్కి ఇవ్వవు. కార్డు మీద కట్టేసిన ఆసుపత్రి బిల్లు పట్టుకెళ్తే కుదరదన్నారు. కట్టకముందు వచ్చుంటే చూసేవాళ్లట. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

మొదట్లో ఒకే ఉత్తరం 6 చోట్లకు పంపాను, కష్టాల్లో ఉన్నాం, తోచిన సాయం చేయండి అని. నాలుగు చోట్ల నుంచి జవాబే లేదు. ఒకాయన మాత్రం ఫోన్ చేసి ఓపిగ్గా చెప్పారు: ప్రతి ట్రస్టుకూ ఎవరికి ఇవ్వాలో ముందే రాసుకున్న నియమం ఉంటుంది, ఫలానా జబ్బు, ఫలానా ప్రాంతం, ఫలానా పని చేసినవాళ్లు అని, అది దాటి ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు. "మీవారు ఏం పని చేసేవారమ్మా?" అని అడిగారు. ప్రింటింగ్ ప్రెస్‌లో అన్నాను. కొన్ని వృత్తులవాళ్లకు విడిగా సంక్షేమ నిధులుంటాయి, ముందు అక్కడ కనుక్కోండి అన్నారు. నిజంగానే ఉంది! అన్నేళ్లు పనిచేసిన మా ఆయనకే ఆ సంగతి తెలియదు.

మధ్యలో ఒకడు ఫోన్ చేసి సాయం మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు పంపండి అన్నాడు. పంపలేదు. సాయం చేసేవాళ్లు ముందుగా మన దగ్గర డబ్బు అడగరు.

ఆ నిధికి దరఖాస్తు పెట్టడానికి కావాల్సిన కాగితాల్లో బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పు, డాక్టరు ఉత్తరం, అద్దె ఒప్పందం తేలిగ్గానే దొరికాయి. నెలవారీ రాబడి, ఖర్చుల పట్టికే కష్టమైంది. మా తమ్ముడు నెలనెలా పంపే డబ్బు అందులో రాయలేదు, సిగ్గేసింది, పైగా అది చూస్తే సాయం ఆపేస్తారేమోనని భయం. స్టేట్‌మెంట్‌లో కనబడనే కనబడింది. దరఖాస్తు చూసే మేడమ్ కోప్పడలేదు. "ఇది ఉందని మీకు సాయం ఆగదమ్మా, రాయకపోతేనే కమిటీకి అనుమానం వస్తుంది" అన్నారు. పట్టిక మళ్లీ రాసిచ్చాను.

"సరిగ్గా దేనికి కావాలి?" అని కూడా ఆవిడే అడిగారు. అప్పటిదాకా నాకు నేనే ఆ ప్రశ్న వేసుకోలేదు. 3 నెలల అద్దె బాకీ, పాప ఫీజు, ఈ రెండే రాశాం. కమిటీ నెలకోసారే కూర్చుంటుందని తెలిసి టెన్షన్ పడితే, దరఖాస్తు పరిశీలనలో ఉందని ఇంటి ఓనర్‌కి చూపించడానికి ఒక ఉత్తరం ఇచ్చారు. అలాంటిది అడిగితే ఇస్తారని చాలామందికి తెలియదు, తప్పకుండా అడగండి. ఆ కాగితం చూశాకే ఆయన ఖాళీ చేయమనడం ఆపారు.

డబ్బు మా చేతికి ఇవ్వలేదు. అద్దె ఓనర్ ఖాతాకు, ఫీజు స్కూలుకు నేరుగా వెళ్లింది. మా మీద నమ్మకం లేదేమోనని ముందు మనసు చివుక్కుమంది. కానీ ఆ డబ్బు మా ఖాతాలో పడుంటే కార్డు బాకీ కింద పోయేదేమో, ఇల్లు ఖాళీ చేయాల్సిన పరిస్థితి అలాగే మీదకొచ్చేది.

ఓనర్ ఫోన్ చేసి "ముట్టిందమ్మా" అన్నప్పుడు మా ఆయన పక్కనే ఉన్నారు. ఏమీ మాట్లాడలేదు, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ఆయనకు థాంక్స్ చెప్పారు. ఇప్పుడు ఫిజియోథెరపీకి ఇంకో ట్రస్టుకు రాస్తున్నాను. ఈసారి బిల్లు కట్టకముందే.