జ్వాలా నరసింహుడి దాకా

అహోబిలం నుంచి నిన్ననే వచ్చాం. కాళ్లు ఇంకా పట్టేసే ఉన్నాయి. మొక్కు తీరింది.

మావారికి యాక్సిడెంట్ అయి, మళ్లీ నడుస్తారో లేదో చెప్పలేమని డాక్టర్లు అన్న రాత్రి ఐసీయూ బయట కూర్చుని మొక్కుకున్నాను: స్వామీ, ఆయన లేచి నాలుగడుగులు వేస్తే నీ జ్వాలా గుహకు నడిచి వస్తానని. ఆ రాత్రుల్లో నాకు ప్రహ్లాదుడే దిక్కు. కన్నతండ్రే ఆ పిల్లాణ్ణి కొండ మీద నుంచి తోయించాడు, ఏనుగులతో తొక్కించాడు, మంటల్లో వేయించాడు. స్వామి వాటిని తప్పించలేదు, అన్నిట్లోనూ వెంటే ఉన్నాడు. మాకూ అప్పులు తప్పలేదు, ఆపరేషన్లు తప్పలేదు. కానీ ఆ పూట గడవడానికి సరిపడా ఓపిక ఎక్కడినుంచో వచ్చేది. ఇప్పుడాయన చేతికర్రతో నడుస్తున్నారు.

ఆ రోజు స్వామి జన్మనక్షత్రం స్వాతి కావడంతో ఎగువ అహోబిలంలో ఒకటే తోపులాట. స్వామి ముందు నిలబడనిస్తే కదా! మావారిని గుడి దగ్గర కూర్చోబెట్టి, నేను కర్ర కొనుక్కుని భవనాశిని వాగు వెంట బయల్దేరాను.

చివర్లో దారి బాగా ఇరుకు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, పైనుంచి నీటి ధార, కింద పాచి పట్టిన రాయి. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అక్కడే. అందులోనే ఆగి సెల్ఫీలు! కాళ్లు వణికి బండను పట్టుకుని ఉండిపోయాను. ముందుకు పోలేను, వెనక్కి రాలేను.

ఖాళీ డోలీతో దిగుతున్న ఇద్దరిలో పెద్దాయన ఆగాడు. 'కిందికి చూడొద్దమ్మా, నా చెయ్యి చూడు' అని చెయ్యి చాపాడు. కాయలు కాసిన అరచెయ్యి, బొటనవేలికి గుడ్డపీలిక కట్టు. అడుగు ఎక్కడ వేయాలో నా కర్రతోనే తట్టి చూపిస్తూ ధార దాటించాడు. డబ్బులివ్వబోతే, 'డోలీ ఎక్కలేదు గదమ్మా' అంటూ దిగిపోయాడు. ఆ చెయ్యి ఎవరు పంపారో నాకు తెలుసు.

దీపం వెలుగులో స్వామి కనిపించాడు. ఒడిలో హిరణ్యకశిపుడు, పొట్ట చీలుస్తున్న గోళ్లు. నాకు భయం వేయలేదు. బిడ్డ కోసం వచ్చిన కోపం అది. అడగాలనుకున్నవన్నీ మర్చిపోయి 'గోవిందా' అని అరిచాను. వెనక నుంచి 'జరగండి, జరగండి' అని కేకలు. పట్టుమని నిమిషం కూడా నిలబడలేదు. ఆ కాస్తే చాలు నాకు.

కిందికి వచ్చేసరికి మావారు పులిహోర పొట్లం విప్పకుండా నా కోసం ఎదురుచూస్తున్నారు. కుంకుమ పెట్టాను. వచ్చే ఏడు మాలోల నరసింహుడి దాకా తానూ నడుస్తానన్నారు. ఆ దారి కాస్త తేలికేనట.