రెట్ట పడితే తుడవకండి, నానబెట్టండి

పోయిన ఏడాది మే నెలలో మూడు రోజుల పని మీద చెన్నైకి వెళ్తూ, కారును నెల్లూరు రైల్వే స్టేషన్ దగ్గర ఒక సందులో చింతచెట్టు కింద పెట్టాను. నీడ ఉంది, మంచి చోటు దొరికింది అని సంతోషంగా రైలెక్కాను. ఆ చెట్టు మీద రాత్రిళ్లు కొంగలు వాలతాయని, మధ్యాహ్నం పన్నెండు దాటితే నీడంతా అవతలి గోడ మీదికి జరిగిపోతుందని నాకు తెలియదు. అంటే రాత్రంతా రెట్ట, పగలంతా ఎండ, అట్లా మూడు రోజులు.

తిరిగొచ్చి చూస్తే బానెట్, రూఫ్ కలిపి ఇరవైకి పైనే ఉన్నాయి, ముదురు నీలం రంగు మీద తెల్లగా, సున్నం చిలకరించినట్టు. చూసిన వెంటనే డిక్కీలోంచి పాత గుడ్డ తీసి గట్టిగా రుద్దాను. గరగరమని చప్పుడు. ఆ చప్పుడు వినగానే ఆపాల్సింది, కానీ ఇంటికి వెళ్లే తొందర, పైగా అది పోతుంటే ఇంకా రుద్దాలనిపిస్తుంది. కొంగలు తినేది చేపలు, కప్పలు, పురుగులు, వాటి రెట్టలో అరగని గరుకు ముక్కలు ఉండొచ్చు, గాలికి రేగిన దుమ్ము, ఇసుక కూడా వాటికి అంటుకుని ఎండిపోతాయి. నేను చేసింది ఏమిటంటే నా కారును నా చేతులతోనే ఉప్పుకాగితం పెట్టి రుద్దడం.

ఇంటికొచ్చి సబ్బుతో కడిగాను. తెలుపు పోయింది గానీ ఆ చోటల్లా మసక మసకగా, చుట్టూ అంచు కట్టినట్టు మచ్చలు మిగిలాయి. పక్కింటాయన కిరోసిన్ గుడ్డ పెట్టమన్నారు, వాళ్లమ్మాయి నిమ్మకాయ అంది. రెండూ చేయలేదు, అది మాత్రం మంచిదైంది. కారు కొన్నచోట అడిగితే పక్షి రెట్ట, చెట్టు జిగురు వల్ల పాడైతే వారంటీలోకి రాదన్నారు. కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చదివితే అందులోనూ అదే ఉంది, రెట్ట పడితే వెంటనే కడగమని కూడా ఉంది. నాలుగేళ్లుగా ఆ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది.

చివరికి ఆటోనగర్‌లో ఒక పెయింటర్ దగ్గరికి తీసుకెళ్లాను. అరవై దగ్గర పడిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. ఒక మచ్చ మీద చేత్తో నాలుగు నీళ్ల చుక్కలు వేశాడు. మచ్చ మాయమైంది! నేను ఊపిరి పీల్చుకునేలోపే గుడ్డతో అద్ది చూపించాడు, ఆరగానే మళ్లీ అక్కడే ఉంది. "ఇది మరక కాదమ్మా, గుంట. నీళ్లు నిండితే కనపడదు, ఆరితే కనపడుద్ది" అన్నాడు. తర్వాత షెడ్డులో ట్యూబ్‌లైటు కిందికి కారు జరిపించి, బానెట్ మీద ఆ లైటు ప్రతిబింబాన్ని చూడమన్నాడు. మచ్చ లేనిచోట గీత గీసినట్టు తిన్నగా ఉన్న వెలుగు, మచ్చ దగ్గరికి రాగానే వణికినట్టు విరిగిపోతోంది. గోరు మెల్లగా ఆనించి జరిపితే అంచు దగ్గర సన్నగా తగిలింది.

ఎందుకలా అవుతుందో ఆయన చెప్పింది, తర్వాత నేను చదివింది కలిపి రాస్తున్నాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే వస్తాయి. పక్షులకు మూత్రం విడిగా ఉండదు, రెట్టలో కనిపించే ఆ తెల్లటి భాగమే యూరిక్ యాసిడ్. అది నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. ఇక కారుకు రంగు పైన రంగులేని క్లియర్ కోట్ అని ఒక పొర ఉంటుంది, మెరుపంతా దానిదే. అది సాధారణంగా 40, 50 మైక్రాన్ల మందం, అంటే మన తలవెంట్రుక కంటే పలచన. ఎండకు ఆ పొర కాస్త మెత్తబడి సాగుతుంది. దాని మీద ఉన్న రెట్ట మాత్రం ఎండి రాయిలా గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడినప్పుడు పొర మళ్లీ బిగుసుకుంటూ ఆ గరుకు రెట్ట అడుగు ఎట్లా ఉంటే అట్లా అచ్చు పడిపోతుంది. యాసిడ్ చేసే నష్టం ఉండనే ఉంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు ముదురు రంగు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, ఒక్క క్షణం ఉంచలేరు. చలికాలంలో రెండు రోజులు ఆగే రెట్ట మన ఎండాకాలంలో ఒక్క పూటలో పని కానిచ్చేస్తుంది.

ఆయన ముందు హీట్ గన్ దూరంగా పట్టి వేడి చూపించాడు. దాంతోనే కొన్ని పలచటి మచ్చలు తేలిపోయాయి, అచ్చు పడిన పొర వేడికి మళ్లీ సర్దుకుంటుందట. ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దు, ఎక్కువైతే పెయింటే లేస్తుంది. మిగిలినవాటికి కాంపౌండ్ అనే పాలిష్ పేస్టు పెట్టి రుద్ది బఫింగ్ చేశాడు, మొండివాటికి నీళ్లు పోస్తూ 3000 నంబరు వాటర్ పేపర్, అంటే చాలా సన్నటి ఉప్పుకాగితం, మెల్లగా తిప్పాడు. రూఫ్ మీద రెండు మచ్చల దగ్గర ఆగిపోయాడు. "ఇంకా గీకితే పొరే పోద్దమ్మా, తర్వాత రంగు వెలిసిపోద్ది, వదిలెయ్" అన్నాడు. పాలిష్ అంటే మచ్చను తీయడం కాదు, మచ్చ లోతుకు చుట్టూ ఉన్న పొరను దించడం అని నాకు అప్పుడు తెలిసింది. అందుకే నెలకోసారి రబ్బింగ్ చేయిస్తే కారు కొత్తగా ఉంటుందని చెప్పే వాళ్ల మాట వినకండి. ఉన్నదే వెంట్రుక మందం కూడా లేదు.

ఇప్పుడు నా కారు డోర్‌లో ఎప్పుడూ ఒక లీటరు నీళ్ల సీసా, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఉంటాయి. ఆ నీళ్లు ఇంట్లో తాగే క్యాన్ నీళ్లే. మా బోరు నీళ్లు ఉప్పు, అవి బానెట్ మీద ఆరితే వాటి మచ్చలు వేరే. రెట్ట కనపడితే ముందు కారును నీడకు జరిపి, రేకు చల్లబడనిచ్చి, గుడ్డను నీళ్లు కారేంతగా తడిపి దాని మీద పరిచి వదిలేస్తాను. పది నిమిషాలు. ఎండిపోయినదైతే మధ్యలో ఇంకోసారి నీళ్లు పోస్తాను. తర్వాత గుడ్డను రుద్దకుండా, అంచు నుంచి పైకి ఎత్తినట్టు తీస్తాను, సగం అందులోనే వచ్చేస్తుంది. మిగిలినదానికి గుడ్డ మడత మార్చి మళ్లీ అంతే. పొడిగా గీకితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది, అది ఆరోగ్యానికీ మంచిది కాదు. అంట్లు తోమే సబ్బు వాడితే పైనున్న వ్యాక్స్, అంటే మైనపు పూత, పోతుంది, కార్ షాంపూ కొనుక్కోండి. మూడు నెలలకోసారి వ్యాక్స్ నేనే పెట్టుకుంటాను, దానివల్ల రెట్ట తేలిగ్గా వదులుతుంది, కడగడానికి కాస్త టైం దొరుకుతుంది. సిరామిక్ కోటింగ్ అయినా అంతే, టైం ఇస్తుంది, అంతకు మించి నమ్ముకోవద్దు. కవర్ మంచిదే గానీ దుమ్ము పట్టిన కారు మీద కప్పితే ఈ గాలికి అదే గీతలు పెడుతుంది.

కొంగల మీద కోపం మాత్రం నాకు రాలేదు. మా మేనమామది దొరవారిసత్రం దగ్గర ఊరు, చిన్నప్పుడు సెలవులకు వెళ్తే నేలపట్టు చెరువుకు తీసుకెళ్లేవాడు. శీతాకాలంలో నీళ్లలో నిలబడిన కడప అనే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని, కింది కొమ్మలన్నీ రెట్టతో తెల్లగా ఉండేవి. "ఈ నీళ్లు పారితే మడికి ఎరువెయ్యక్కర్లేదు అమ్మాయ్" అనేవాడు మామ. పైరుకు అంత బలమిచ్చే సరుకు రేకు మీద ఊరుకుంటుందా మరి. మొన్న జనవరిలో మళ్లీ వెళ్లాను, కారు చెట్లకు దూరంగా పెట్టి నడిచాను.

బడులు తెరిచే రోజులొచ్చాయి. మా స్కూలు వెనక పార్కింగులో నేరేడు చెట్టుంది, పండ్లు రాలే ఆ నెలన్నర గోరింకలు ఊదా రంగు రెట్టలు వేస్తాయి. గేటు పక్కన సైకిల్ షెడ్డు చివర ఒక కారు పట్టే చోటుంది, అది నాకు వదలమని వాచ్‌మన్ అన్నను నిన్ననే అడిగి వచ్చాను.