బెల్లు కొట్టాను కదండీ అంటే ఎలా బాబూ

మన విజయనగరంలో పిల్లలకి సైకిల్ నేర్పడం అంటే వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తి, వాడికి తెలియకుండా వదిలేయడమే. పడకుండా నాలుగు గజాలు వెళ్లాడంటే సైకిల్ వచ్చేసినట్టే. మర్నాటికల్లా ట్యూషన్ బ్యాగు తగిలించుకుని గంటస్తంభం దగ్గర ట్రాఫిక్‌లో కనిపిస్తాడు. తొక్కడం వచ్చింది, బాగానే ఉంది. ఆపడం ఎవరు నేర్పారు?

మా వీధిలో మామ్మగారు ఒకావిడ పైడితల్లమ్మ గుడి నుంచి మూడు లాంతర్ల వైపు రోడ్డు వారన నడిచొస్తున్నారు. వెనక నుంచి గేర్ సైకిల్ మీద ఓ కుర్రాడు గట్టిగా బెల్లు కొట్టాడు. వాడు కుడివైపు నుంచి దాటిపోదామనుకున్నాడు, ఆవిడ బెల్లుకి ఉలిక్కిపడి సరిగ్గా ఆ కుడివైపే అడుగేశారు. హ్యాండిల్ కొన నడుముకి తగిలింది, పడుతూ చెయ్యి ఆన్చారు, మణికట్టు విరిగింది. కుర్రాడు పారిపోలేదు, ఆటో కూడా వాడే పిలిచాడు. ఏడుపు మొహంతో అందరికీ ఒకటే చెప్పాడు, 'బెల్లు కొట్టాను కదండీ' అని.

అబద్ధం కాదు, కొట్టాడు. కానీ వెనక నుంచి బెల్లు వినపడితే మనిషి ఎటు జరుగుతాడో ఎవరికీ తెలీదు, అందులోనూ పెద్దవాళ్లు. అందుకే బెల్లు కొట్టే ముందే స్పీడు తగ్గాలి. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో సైకిల్ సెకనుకి ఐదున్నర మీటర్లు పోతుంది, అంటే మనం చూసి బ్రేకు మీద వేలు వేసేలోపే దాదాపు రెండు ఆటోల దూరం అయిపోతుంది. దానికి తోడు 'ముందు బ్రేకు పట్టుకోకురా, పల్టీ కొడతావు' అని చిన్నప్పుడే భయపెట్టేస్తాం కాబట్టి పిల్లలు వెనక బ్రేకు ఒక్కటే నొక్కుతారు. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కదా, వెనక బ్రేకు ఒక్కదానితో బండి త్వరగా ఆగదు. రెండూ కలిపి, మెల్లగా బిగిస్తూ పట్టాలి. వానలో రిమ్ముకి పట్టే బ్రేకులైతే ఇంకా ముందు నుంచే పట్టాలి.

బైకులూ కార్లూ మనుషుల్ని చంపుతుంటే సైకిళ్ల మీద పడతావేంటని మా తమ్ముడు అడిగాడు. నిజమే, వాటితో పోలిస్తే ఇది చిన్న ప్రమాదం. సైకిల్‌కి లైసెన్సు పెట్టమని నేనూ అనను. గంటకి 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న బ్యాటరీ సైకిల్‌కే లైసెన్సు అక్కర్లేదు మన దగ్గర, మామూలు సైకిల్ సంగతి చెప్పాలా. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని సైకిల్ ఒకటి రోడ్డు దాటుతున్న ఒకావిడని గుద్దితే ఆవిడ చనిపోయారు. తొక్కినతన్ని శిక్షించడానికి 1861 నాటి చట్టం, గుర్రబ్బళ్ల కాలంది, బయటికి తీయాల్సి వచ్చింది. చట్టం ఎప్పుడైనా ప్రమాదం అయ్యాకే వస్తుంది, అందుకే నాకు ట్రైనింగ్ మీదే ఎక్కువ నమ్మకం. అక్కడే స్కూలు పిల్లలకి 'బైకబిలిటీ' అని ఒకటుంది: మొదట గ్రౌండులో, తర్వాత ఖాళీ వీధుల్లో, ఆ తర్వాతే రద్దీ రోడ్ల మీద. నెదర్లాండ్స్‌లో ప్రైమరీ స్కూలు పూర్తయ్యేలోపు చాలామంది పిల్లలు ట్రాఫిక్ రూల్స్ మీద పరీక్ష రాస్తారు, రోడ్డు మీద సైకిల్ తొక్కి కూడా చూపిస్తారు.

మన ప్రభుత్వం ఆడపిల్లలకి 'బడికొస్తా' అని సైకిళ్లిచ్చింది, చాలా మంచి పని. దాంతో పాటు రెండు పూటలు రోడ్డు మీద తొక్కడం కూడా నేర్పుంటే ఎంత బావుండేదో.

మా మేనల్లుడితో ఆదివారం పొద్దున్నే ఒక ఆట ఆడిస్తున్నాను. వాడు నేరుగా తొక్కుతూ వెనక్కి తిరిగి నేను ఎన్ని వేళ్లు చూపించానో చెప్పాలి, సైకిల్ గీత దాటకూడదు. మొదట్లో తల తిప్పితే చాలు, హ్యాండిల్ కూడా అటే తిరిగేసేది. ఇప్పుడు ఫర్వాలేదు, కానీ 'ఆపు' అనగానే ఆపడం మాత్రం ఇంకా కాస్త ఆలస్యమే. ఊళ్లో ఏ పీఈటీ మాస్టారైనా స్కూలు గ్రౌండులో ఇలాంటివి మొదలుపెడతానంటే చెప్పండి, కోన్లు నేను కొనిస్తాను.