మా చిట్టికి ఫుడ్ అలర్జీ: డైట్ నేను తప్పించలేదు

నిన్న కొత్త డాక్టర్ చూసి, ‘ఇక ఇదే తిండి కొనసాగించండి’ అన్నారు. ఆ ఊరటలో ఉండగానే రాస్తున్నాను. మా పిల్లి చిట్టికి కోడిమాంసం పడదు. ఈ ఒక్క మాట తేలడానికి నెలలు పట్టింది.

తల, మెడ చుట్టూ పుండ్లు పడేలా గోక్కునేది. పొట్ట మీద బొచ్చంతా నాకి నాకి ఊడగొట్టుకుంది. బొచ్చులో పురుగులకు మందు వేశారు, తగ్గలేదు. తర్వాత మొదటి క్లినిక్‌లో రక్తపరీక్ష చేసి, పడని పదార్థాల పెద్ద జాబితా చేతిలో పెట్టారు. దాని ప్రకారం తిండి మార్చినా తేడా రాలేదు. పిల్లుల ఫుడ్ అలర్జీని రక్తపరీక్ష నమ్మకంగా చెప్పలేదు. ఎవరైనా చేయిద్దామంటే వద్దనండి.

తేల్చేది ఎలిమినేషన్ డైట్ ఒక్కటే. కనీసం 8 వారాలు ఒకే తిండి, ఇంకేదీ నోట పడకూడదు. మాకు హైడ్రోలైజ్డ్ డైట్ రాశారు. అందులో ప్రోటీన్‌ను ఒంట్లోని రక్షణ వ్యవస్థ గుర్తుపట్టనంత చిన్న ముక్కలు చేస్తారు. పాత తిండిలో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేశాం. ‘ఆకలేస్తే అదే తింటుంది’ అనేవాళ్ల మాట వినకండి. రెండు రోజులు తినకపోయినా పిల్లి కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదం ఉంది.

దురద తగ్గుతోందనుకునేసరికి మళ్లీ మొదలైంది. క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టర్ చిట్టి మెడ చూసి, ‘మీరు వేరే ఏదో పెడుతున్నారు’ అన్నారు. లేదండీ అన్నాను. ‘అందరూ ఇలాగే అంటారు’ అన్నారు, బయట కూర్చున్నవాళ్లందరికీ వినపడేలా. ఏ పూట ఎంత పెట్టానో రాసుకున్న నోట్‌బుక్ ఆయన ముందే ఉంది. తెరవలేదు. గొంతులో మాట ఆగిపోయింది.

ఇంటికొచ్చి డబ్బాలు, గిన్నెలు, చెత్తబుట్ట కూడా వెతికాను. చివరికి నులిపురుగుల మాత్ర స్ట్రిప్ తిప్పి చూస్తే, వెనక చీమల్లాంటి అక్షరాల్లో ‘చికెన్ ఫ్లేవర్’ అని ఉంది. ఆ మాత్ర ఇచ్చింది ఆ క్లినిక్కే! మర్నాడు తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి ‘ఇది ఆపేయండి’ అన్నారు. అంతే. సారీ లేదు, ముందురోజు మాటల ప్రస్తావనే లేదు. నాకేమో 8 వారాలు మళ్లీ మొదటి నుంచి.

డైట్‌లో ఉన్న పిల్లికి ఏ మందు రాసినా రుచి కలిపారా అని ముందే అడగండి. రుచి కలపని మాత్రలు, మెడ మీద వేసే చుక్కల మందులు ఉన్నాయి. అడిగితే విసుక్కునే డాక్టర్ దగ్గర ఉండక్కర్లేదు. నేను మారిపోయాను.

రెండోసారి పుండ్లు పూర్తిగా మానాయి. అప్పుడు కొత్త డాక్టర్ పాత తిండే మళ్లీ పెట్టి చూడమన్నారు. ‘బాగయింది కదా, ఎందుకీ హింస?’ అని ఇంట్లో గొడవ. కానీ దురద తిరిగొస్తేనే కారణం తిండి అని తేలుతుంది. కొద్ది రోజుల్లోనే గోకుడు మొదలైంది. వెంటనే డైట్‌కి మార్చాం. తర్వాత వట్టి కోడిమాంసం విడిగా పెట్టి చూస్తే మళ్లీ అదే. ఇప్పుడు పొట్ట మీద బొచ్చు ఒత్తుగా వచ్చింది. వచ్చే నెల చేప ఒక్కటే పెట్టి చూడాలి, నోట్‌బుక్‌లో కొత్త పేజీ గీసి ఉంచాను.