అరకు చలిలో నక్షత్రాల టైమ్‌ల్యాప్స్

వరసగా తీసిన ఫొటోలని వీడియోగా కలిపే టైమ్‌ల్యాప్స్ కోసం సంక్రాంతి సెలవులకి కెమెరా సర్దుకుని వైజాగ్ నుంచి అరకు ఎక్కేవాళ్లలో చాలామందికి పాలపుంత మీదే ఆశ. జనవరిలో దాని నడిభాగం తెల్లారేముందు కాసేపు తొంగిచూసి వెలుగులో కలిసిపోతుంది. అది కావాలంటే మార్చి మధ్యలో రాత్రి ఒంటిగంట దాటాక, మే మధ్యలో తొమ్మిది దాటాక ఆగ్నేయం వైపు చూడాలి. విశాఖ దీపాల వెలుగు కూడా దాదాపు అటే కాబట్టి, ఇంకో రెండు గంటలు ఆగి బాగా పైకి వచ్చాక తీయడం మేలు.

జనవరిలో దొరికేవి మృగశిర, ఆర్ద్ర, రోహిణి, కృత్తికలు. రాత్రి ఏడింటికి ఇవన్నీ తూర్పున పైకొచ్చి ఉంటాయి, లుబ్ధకుడు (సిరియస్) కాస్త కిందగా. అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రోజులు చూసుకుని, ఏడింటికే మొదలుపెట్టండి. పొద్దుపోయేకొద్దీ మంచు ముదురుతుంది.

లెక్క చిన్నదే. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున పది సెకన్ల క్లిప్‌కి 240 ఫొటోలు. క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్నది) మీద 16 మి.మీ. లెన్స్ అంటే 24 మి.మీ. కింద లెక్క, ఫొటోగ్రాఫర్లు వాడే 500 సూత్రం ప్రకారం 500ని 24తో భాగిస్తే ఒక్కో ఫొటోకి ఎక్స్‌పోజర్ (షట్టర్ తెరిచి ఉంచే సమయం) సుమారు 20 సెకన్లు వస్తుంది, అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి. ఎఫ్/2.8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో), ఐఎస్ఓ 3200 (వెలుగుకి సెన్సర్ స్పందన), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 4000 కెల్విన్ దగ్గర మారకుండా పెట్టేయండి. ఇంటర్వల్ (ఒక ఫొటో మొదలు నుంచి తర్వాతి ఫొటో మొదలు దాకా సమయం) 25 సెకన్లు పెడితే మొత్తం 100 నిమిషాలు. ఇంటర్వల్ కూడా 20 పెడితే చాలా కెమెరాలు ఫ్రేము విడిచి ఫ్రేము వదిలేస్తాయి. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (మచ్చలు తగ్గించే సెట్టింగ్) ఆపకపోతే ప్రతి ఫొటో తర్వాత ఇంకో 20 సెకన్లు పోతాయి, వీడియోలో చుక్కలు గెంతుతాయి. రా ఫైళ్లకి (కుదించని అసలు ఫొటో ఫైళ్లకి) కార్డులో ఆరేడు జీబీ ఖాళీ ఉంచండి.

ఇంతా చేశాక ముంచేది మంచు. తేటగా ఉన్న రాత్రి లెన్స్ అద్దం తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ గాలికంటే చల్లబడుతుంది, దాని మీద తేమ దిగుతుంది. మొదట చుక్కల చుట్టూ వలయాలు, తర్వాత అంతా బూడిదరంగు. ఇంటికెళ్లి చూసుకుని మబ్బు పట్టిందనుకుంటారు! మధ్యలో గుడ్డతో తుడిస్తే ఫోకస్ కదులుతుంది, రెండు నిమిషాల్లో మళ్లీ పడుతుంది. యూఎస్‌బీ హీటర్ పట్టీని లెన్స్ ముందు అంచుకి చుట్టి, పావుగంట వేడెక్కాకే ఫోకస్ చేయాలి, ఎందుకంటే వేడికి ఫోకస్ కొద్దిగా జరుగుతుంది. లుబ్ధకుణ్ణి లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) పదింతలు పెద్దది చేసి, చుక్క అతి చిన్నగా కనబడే చోట ఫోకస్ రింగుకి టేపు వేసేయండి. 10 వాట్ల పట్టీకి 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ రెండు గంటలకి పైనే వస్తుంది. పట్టీని మరీ తక్కువ వేడిలో పెడితే కొన్ని బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని ఆగిపోతాయి, ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. పట్టీ లేకపోతే చేతులు కాచుకునే వేడి పొట్లాలు రెండు, పాత సాక్సుతో కట్టినా సరే.

చోటు కూడా ముఖ్యమే. చల్లగాలి లోయ అడుగుకి జారుతుంది, పొగమంచు ముందు పొలాల్లోనే పేరుకుంటుంది. కాస్త వాలు ఎక్కి నిలబడండి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మాత్రం కింద లోయలో మబ్బులా పరుచుకునే ఆ పొగమంచునే తీయండి. అర్ధచంద్రుడి వెలుగులో 4 సెకన్ల ఎక్స్‌పోజర్, 6 సెకన్ల ఇంటర్వల్ చాలు. 25 సెకన్లకోసారి తీస్తే మబ్బు పారదు, ఎగిరెగిరి పడుతుంది.

తిరిగి గదిలోకి వెళ్లేముందు, చల్లటి కెమెరా మీద తేమ పట్టకుండా, దాన్ని బయటే జిప్ కవర్లో పెట్టి మూసేయండి. గంటసేపు తెరవొద్దు.