బట్టీ పిల్లలకు పేర్లు వచ్చిన ఏడాది: నా అనుభవం

మాది పెద్దపల్లి జిల్లాలో ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక బడి. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ కలిపి 38 మంది పిల్లలు. ఊరు దాటగానే ఇటుక బట్టీలు. ఏటా నవంబర్, డిసెంబర్ నెలల్లో ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి దిగుతాయి, వానలు పడేముందు వెళ్లిపోతాయి. కొన్ని బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో, ఒడియా చెప్పే వలంటీర్లతో అక్కడికక్కడే బడులు పెట్టారు. మా ఊరి బట్టీకి ఆ ఏడు అది రాలేదు. డిసెంబర్‌లో ఒకరోజు ఒక తాత మనవడి చెయ్యి పట్టుకుని మా వరండాలోకి వచ్చాడు. వెనకాల ఇంకో ఐదుగురు పిల్లలు.

మా హెడ్మాస్టర్ మంచివాడే, కానీ కాగితాల మనిషి. ఒక్కరికీ టీసీ లేదు, ఆధార్ ఇద్దరికే ఉంది. పైగా "ఎండకాలం పోతరు, మన రిజిస్టర్ల డ్రాపౌట్లు అయితరు మేడం" అన్నాడు. ఆయన భయం ఉత్తదేం కాదు, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. 2009 నాటి విద్యా హక్కు చట్టం తీసి చూపించాను. టీసీ ఆలస్యమైందనో, వయసు కాగితం లేదనో బడిలో చేర్చుకోకపోవడానికి వీల్లేదు. ఎన్నడూ బడి మొహం చూడని పిల్లయినా వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. రెండు రోజుల్లో ఆరుగురి పేర్లూ రిజిస్టర్‌లో ఎక్కాయి. నోళ్లలోకి ఎక్కడానికి మాత్రం నెల పట్టింది.

మొదటి తప్పు నాదే. మర్నాడు ప్రార్థన కాగానే ఉపన్యాసం ఇచ్చాను. భారతీయులందరూ నా సహోదరులు అని రోజూ ప్రతిజ్ఞ చేస్తున్నాం కదా, దాన్ని 1962లో తెలుగులో రాసింది మన నల్గొండ జిల్లా పైడిమర్రి వెంకట సుబ్బారావు గారే అని కూడా చెప్పాను. పిల్లలు బుద్ధిగా తలూపారు. లోపలికెళ్లాక ఒక్కో బల్ల మీద మా పిల్లవాడిని, బట్టీ పిల్లవాడిని పక్కపక్కన కూర్చోబెట్టాను. మధ్యాహ్నానికి చూస్తే ప్రతి బల్ల మీదా చాక్‌పీస్‌తో అడ్డగీత. అన్నాల దగ్గర ఆ ఆరుగురూ విడిగా, బాదం చెట్టు కింద. నల్లా దగ్గర "బట్టీ, జరుగు" అని ఒకమ్మాయి కసిరింది. కసురుతున్నానని కూడా ఆ పిల్లకు తెలీదు. ఇంట్లో, వాడలో ఎవరితో ఎలా మాట్లాడాలో మనం నేర్పిందే కదా.

ఐదో తరగతిలో ఉన్న బట్టీ పిల్లవాడు పొద్దున్నే నిద్రపోయేవాడు. వాడికి "నిద్రమొగం" అని పేరు పెట్టారు. ఆ ఆరుగురిలో ఒకడికి పోయినేడు కూడా ఇక్కడే ఉండటం వల్ల కాస్త తెలుగు వచ్చు. శనివారం బాలసభలో వాడే లేచి చెప్పాడు. ఆ నిద్రపోయేవాడి అమ్మానాన్నలు రాత్రి మూడింటికి లేచి ఇటుకలు కోస్తారట. వీడు ఆరే ఇటుకల్ని తిప్పి పెడతాడట. వాళ్ల ఊళ్లో నువాఖాయి పండుగ ముందు, కూలీలను కుదిర్చే సర్దార్ అడ్వాన్స్ ఇస్తాడు, అది తీరేదాకా పని. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో బట్టీలో పని చేయించకూడదని చట్టముంది. అడ్వాన్స్ మొగుడూపెళ్లాలకే ఇచ్చినా, లెక్కలో పిల్లల చేతులు కూడా కలిసే ఉంటాయి.

సభ చప్పబడిపోయింది. అప్పుడు నాలుగో తరగతి పిల్లవాడొకడు లేచాడు. వాళ్ల నాన్న దుబాయ్‌లో ఉంటాడు. మా వైపు ఇంటికో మనిషి గల్ఫ్‌లో ఉండటం వింతేం కాదు.

"టీచర్, అక్కడ మా నాయినను ఏమని పిలుస్తరు?"

నా దగ్గర జవాబు లేదు. వాడు కూర్చోలేదు. "పేరుతోని పిలుస్తరా?" అని మళ్లీ అడిగాడు. "పిలవాలి" అన్నాను. అంతకంటే ఏమీ తోచలేదు. "గట్లైతే వీళ్లను గూడ పిలుద్దాం" అన్నాడు.

ఆ రోజు బాలసభలో చేసిన తీర్మానం అదొక్కటే. ఎవరినైనా "బట్టీ" అని పిలిస్తే నల్లా దగ్గర లైన్లో ఆఖరికి పోవాలి. శిక్ష వాళ్లే పెట్టుకున్నారు, నేను ఒక్క మాట కలపలేదు. పలకడం రాని పేర్లు రెండున్నాయి, వాటిని బోర్డు మీద రాయించుకుని మరీ నేర్చుకున్నారు. సోమవారం లైన్లో ఆఖరికి వెళ్లిన మొదటి మనిషి మా వంటమ్మ. పిల్లలు వదల్లేదు. ఆమె నవ్వుకుంటూ బిందె పట్టుకుని వెనక్కి నడిచింది.

పేర్ల తర్వాత మాటలు మొదలయ్యాయి. పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి మూడు గళ్లు గీశారు: బొమ్మ, తెలుగు మాట, ఒడియా మాట. నీళ్లు పాణి, అన్నం భాత, గుడ్డు అండా, దోస్తు సాంగ. ఒడియాలో ఠ అక్షరం నిండు సున్నలా ఉంటుంది. అది చూసి ఒకటో తరగతి పిల్ల "వీళ్లవి గూడ మన లెక్కనే గుండ్రంగ ఉన్నయి" అంది. రెండు లిపులూ తాటాకుల మీద పెరిగినవే, గుండ్రంగా ఉండక ఏం చేస్తాయి. అది ఆ పిల్లకు చెప్పలేదు. తనే కనిపెట్టానన్న సంబరంలో ఉంది, ఎందుకు పాడుచేయడం.

గోలీల్లో నిద్రమొగం వాడిని కొట్టేవాడు మా బడిలో లేడు. వారం తిరిగేసరికి వాడిని తమ జట్టులో వేసుకోవడానికి కొట్లాటలు. చూసి మురిసిపోయాను, తర్వాత అనుమానం వచ్చింది. గెలిచేవాణ్ణి ఎవరైనా కలుపుకుంటారు. మూడో తరగతి బట్టీ అమ్మాయి ఒకతి ఉంది. ఆట రాదు, మాట రాదు, వారంలో మూడు రోజులు బడికే రాదు. ఆ పిల్లను ఎవరు కలుపుకోవాలి?

నేను ఇంకా ఆలోచిస్తుండగానే మా ఐదో తరగతి అమ్మాయిలు ఇద్దరు సాయంత్రం బట్టీకి వెళ్లి కనుక్కొచ్చారు. మూడేళ్ల తమ్ముణ్ణి ఆ పిల్లే చూసుకోవాలి. "అంగన్‌వాడీ మన గోడ పక్కనే ఉంది గద టీచర్" అన్నారు. నిజమే, ఉంది. నాకే తట్టలేదు. అంగన్‌వాడీ టీచర్ పిల్లవాడి పేరు రాసుకుంది. మొదటి నాలుగు రోజులు వాడు ఏడుపే ఏడుపు. ఈ ఇద్దరూ వంతులేసుకుని ఎత్తుకుని తిప్పారు. ఆ పిల్ల రోజూ రావడం మొదలుపెట్టింది. మాట్లాడింది మాత్రం ఫిబ్రవరిలోనే.

అదే నెలలో ఒకావిడ కోపంగా వచ్చింది. "మా పిల్ల నెత్తిల పేలు పడ్డయి. ఆ బట్టీ పోరి పక్కకు ఎందుకు కూసోబెట్టినవ్ మేడం?" నాకు టెన్షన్ పట్టుకుంది. ఇలాంటి మాట ఊళ్లో పాకితే నాలుగు రోజుల్లో నలుగురు పిల్లలు ప్రైవేటు బడి బస్సెక్కుతారు. హెడ్మాస్టర్ ఆ అమ్మాయిని వేరే బల్లకు మారుద్దామన్నాడు. సంగతి బాలసభలో పెట్టాను. "మా అక్క నెత్తిల దసరా కాడికెల్లి ఉన్నయి" అని ఒకడు గుట్టు విప్పేశాడు. చివరికి తేలిందేమిటంటే, చూస్తే అందరి తలలూ చూడాలి, లేకపోతే ఎవరివీ చూడకూడదు. నా తలతో మొదలుపెట్టారు. నాకూ ఉన్నాయి. మొత్తం 44 మందిలో 17 మందికి పేలున్నాయి, అందులో బట్టీ పిల్లలు ముగ్గురే. శనివారాలు వేపాకు నూరి అందరికీ పట్టించాం. అది పేలకు ఎంత పనిచేసిందో గానీ, ఆ తల్లి మళ్లీ రాలేదు.

అన్నీ కుదిరాయని చెప్పను. అన్నాల దగ్గర ఇద్దరు ముగ్గురు చివరిదాకా ఎడంగానే కూర్చున్నారు. అది బట్టీ పిల్లలతోనే కాదు, మా సొంత ఊరి కొన్ని వాడల పిల్లలతో కూడా. ఏళ్లుగా నా కళ్ల ముందే ఉన్నా ఆ సంవత్సరమే దాన్ని గమనించాను. దానికి బాలసభలో ఇంకా తీర్మానం రాలేదు.

ఏప్రిల్‌లో సెలవులిచ్చేముందు ఆరుగురికీ టీసీలు రాసిచ్చాం. డ్రాపౌట్ల భయం అలా తీరింది, హెడ్మాస్టర్ తన చేత్తోనే ముత్యాల్లా రాశాడు. జూన్ 12న బడి తెరిచేసరికి బట్టీ ఖాళీ.

మళ్లీ నవంబర్ చివర్లో పిల్లలే పరిగెత్తుకొచ్చి చెప్పారు, "టీచర్, వచ్చిండ్రు" అని. వెళ్లి చూస్తే పాతవాళ్లలో ఒక్కరూ లేరు. ఈసారి ఏ ఊరి బట్టీకి పోయారో అక్కడున్నవాళ్లకూ తెలీదు. గోలీల జేబుతో వచ్చిన పిల్లవాడు కాసేపు అటూ ఇటూ చూసి ఒక ఇటుక మీద కూర్చున్నాడు. తోడొచ్చిన అమ్మాయి మాత్రం అప్పటికే ఒక కొత్త పిల్ల ముందు నిలబడి, తనను వేలితో చూపించుకుంటూ పేరు చెబుతోంది.